ఆఫర్ లెటర్‌లో హోదాను ఎలా చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. హైదరాబాదు, చెన్నై సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. చివరి కొన్నేళ్లు కోడు రాయడం కన్నా ఇంటర్వ్యూలు చేయడమే ఎక్కువైంది. ఇప్పుడు ఇంటి నుంచే పని. ఆదివారం పొద్దున మా వరండాలో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని కూర్చుని ఉంటారు. వడ్లమూడి, వడ్డేశ్వరం, చౌడవరం, కానూరు కాలేజీల్లో చదివిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఒక్కోసారి ఉద్యోగం మారబోతున్న పాత సహోద్యోగులు. ఫోనులో ఆఫర్ లెటర్ ఉంటుంది. జీతం సంగతి ఎత్తడానికి మొహమాటపడేవాళ్లు కూడా హోదా గురించి మాత్రం గట్టిగానే అడుగుతారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకదానిలో ‘సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’, ఇంకోదానిలో వట్టి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’. ఏది తీసుకోవాలి?

ఆ మొదటి కంపెనీలో సీనియర్ కానివాళ్లు ఎవరైనా ఉన్నారా? నవ్వులాటకు అడగడం లేదు. పదిహేను మంది ఉన్న ఆఫీసులో పదమూడు మంది సీనియర్లయితే ఆ మాటకు అర్థం ‘ఉద్యోగి’ అనే. సీనియర్ అన్నది పోలిక చెప్పే మాట. ఎవరికి సీనియర్, దేనిలో సీనియర్ అన్నది తేలకపోతే అది అక్షరాల కిందే లెక్క.

హోదా అంటే నిచ్చెనలో ఒక మెట్టుకు పెట్టిన పేరు. నిచ్చెన మొత్తం కనిపిస్తే తప్ప ఆ మెట్టు ఎంత ఎత్తున ఉందో తెలియదు. కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ‘నా హోదా ఏమిటి’ అని కాదు. ఆ సంగతి లెటర్‌లోనే ఉంది. ఇంజనీర్లకు మీ దగ్గర ఎన్ని గ్రేడ్లు ఉన్నాయి, నాది ఎన్నోది, దాని కింద ఎవరుంటారు, పైకి వెళ్లడానికి మామూలుగా ఎన్నేళ్లు పడుతోంది అని అడగండి. గ్రేడ్‌ను కొన్నిచోట్ల బ్యాండ్ అంటారు. ఒకాయన ఇది విని, కొడుకు చేత ‘మీ కంపెనీలో బాండ్ ఉందా’ అని అడిగించాడు. రెండేళ్ల బాండ్ ఉందని జవాబు వచ్చింది. అడిగింది ఒకటి, తెలిసింది ఇంకొకటి, అయినా తెలియడం మంచిదే అయింది. ‘బ్యాండ్’ జీతం మెట్టు, ‘బాండ్’ కాలికి కట్టే తాడు. ఒత్తి పలకండి.

గ్రేడ్ల సంగతి అడిగితే తడబడే కంపెనీ మోసకారిదని కాదు. చిన్న కంపెనీల్లో చాలాసార్లు నిచ్చెనే ఉండదు. అలాంటి చోట హోదాకు సున్నా విలువ కట్టి, జీతమూ పనీ చూసి నిర్ణయించుకోండి. వట్టి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని రాసిన రెండో కంపెనీ ఆరు మెట్లలో మీది మూడోది అని చెప్పగలిగితే, నా ఓటు దానికే.

అదేమిటి, ఒకే పేరు అన్ని కంపెనీల్లోనూ ఒకే స్థాయి కాదా?

కాదు. దగ్గర దగ్గరగా కూడా ఉండదు.

పెద్ద కంపెనీలనే చూడండి. గూగుల్‌లో డిగ్రీ చేతబట్టుకుని నేరుగా చేరేవాళ్ల మెట్టు ఎల్3. ఎల్5 సీనియర్, ఎల్6 స్టాఫ్, ఎల్7 సీనియర్ స్టాఫ్, ఆ పైన ఎల్8కి వస్తే గాని ప్రిన్సిపల్ అనరు. మైక్రోసాఫ్ట్‌లో అంకెలు 59 నుంచి మొదలవుతాయి. 63, 64 సీనియర్, 65కు చేరగానే ప్రిన్సిపల్. అంటే రెండు చోట్లా ‘ప్రిన్సిపల్’ అనే పిలుస్తారు, కానీ ఒకరు సీనియర్‌కు పక్క మెట్టు మీద, ఇంకొకరు మూడు మెట్లు పైన. అమెజాన్‌లో స్టాఫ్ అనే మెట్టే లేదు. ఎస్‌డీఈ (సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఇంజనీర్) ఒకటి, రెండు, మూడు, తర్వాత ప్రిన్సిపల్. పోనీ అంకెలనైనా నమ్ముదామా అంటే అవీ కలవవు. అమెజాన్‌లో ఎల్4 అంటే కొత్తగా చేరినవారు, గూగుల్‌లో ఎల్4 అంటే అప్పటికే ఒక మెట్టు ఎక్కినవారు.

మన పిల్లలు ఎక్కువగా చేరే సేవల కంపెనీల్లో ఇంకా తమాషా. టీసీఎస్‌లో కొత్తవాళ్లు ‘అసిస్టెంట్ సిస్టమ్ ఇంజనీర్’గా చేరేవాళ్లు. అదే కంపెనీలో ‘అసిస్టెంట్ కన్సల్టెంట్’ అంటే ఐటీ అనలిస్ట్‌కు పైన, చాలా ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. రెండింటిలోనూ అసిస్టెంటే. యాక్సెంచర్‌లో ‘అసోసియేట్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ కింది మెట్టు. కాగ్నిజెంట్‌లో ‘అసోసియేట్’ ప్రోగ్రామర్ అనలిస్ట్‌కు పైన. ఒరాకిల్‌లో ‘మెంబర్ ఆఫ్ టెక్నికల్ స్టాఫ్’ అంటారు. ఆ హోదా వచ్చిన అమ్మాయి వాళ్ల తాతగారు ‘మెంబరా? జీతం ఇస్తారా, చందా కట్టాలా?’ అని అడిగారు. ఆయన్ని తప్పు పట్టలేం.

అన్నింటికన్నా బాగా మోసపోయేది ‘వైస్ ప్రెసిడెంట్’ దగ్గర. పెద్ద పెట్టుబడి బ్యాంకుల టెక్నాలజీ విభాగాల్లో అనలిస్ట్, అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్ అనే వరస ఉంటుంది. అక్కడ వైస్ ప్రెసిడెంట్ అంటే అనుభవమున్న ఇంజనీరు, అంతే. ఆయన పైన ఇంకా చాలామంది ఉంటారు. మంచి ఉద్యోగమే, కాదనను. కానీ గుంటూరు పెళ్లి పత్రికలో అచ్చయినప్పుడు వినపడేంత కాదు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ గందరగోళం లేదు కదా?

చాలావరకు లేదు. అక్కడ పేరుకు వేతన స్థాయి అతుక్కుని ఉంటుంది. విజయవాడ డివిజన్ రైల్వేనే తీసుకోండి. జూనియర్ ఇంజనీర్‌కు ఏడో వేతన సంఘం లెక్కలో స్థాయి 6, మూల వేతనం 35,400తో మొదలు. సీనియర్ సెక్షన్ ఇంజనీర్‌కు స్థాయి 7, మొదలు 44,900. దేశంలో ఏ డివిజన్‌కు వెళ్లినా ఇదే. ‘జూనియర్’ అన్న మాట చూసి చిన్నబుచ్చుకునేవాళ్లు ప్రైవేటులో ‘లీడ్’ అని రాసి పాతిక వేలు ఇచ్చే ఉత్తరంతో దీన్ని పక్కపక్కన పెట్టుకోవాలి.

అయితే శాఖ మారితే ఇక్కడా జాగ్రత్త పడాలి. మన జలవనరుల శాఖ వంటి చోట్ల డిగ్రీ ఉన్నవాళ్లు ఏపీపీఎస్సీ ద్వారా చేరేది ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టు డిప్లొమావాళ్లది. విద్యుత్ సంస్థల్లో మాత్రం ఏఈ పోస్టుకే బీటెక్ అడుగుతారు. ‘మా వాడు ఏఈ’ అన్నప్పుడు ఏ శాఖ అని అడగకుండా అంచనా వేస్తే పొరపాటు పడతారు.

‘ట్రైనీ’ అని రాశారు. చేరవచ్చా?

ట్రైనీ అంటే భయపడక్కర్లేదు. ఏడాది పాటు గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీగా ఉంచి తర్వాత గ్రేడ్‌లోకి తీసుకోవడం పెద్ద తయారీ, నిర్మాణ సంస్థల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. చూడాల్సింది ఆ పక్క మాట. ‘ట్రైనీ’ ఉద్యోగి. 1961 చట్టం కింద తీసుకున్న ‘అప్రెంటిస్’ ఉద్యోగి కాదు. అతనికి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. పీఎఫ్ వర్తించదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం దానంతటదే వస్తుందని అనుకోకూడదు. రెండు లెటర్లూ పైపైన ఒకేలా ఉంటాయి. పీఎఫ్ గురించి ఒక్క ముక్క కూడా లేని లెటర్ అయితే, ఏ చట్టం కింద తీసుకుంటున్నారని అడగండి.

ఇంకొకటి. శిక్షణ ముగిశాక వచ్చే హోదా, జీతం లెటర్‌లో రాసి ఉన్నాయా? ‘సంస్థ అవసరాలను బట్టి’ అని ఉంటే వాళ్లు ఏమీ ఒప్పుకోలేదన్నమాట.

హోదా ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అనే ఉంది. చేరాక సపోర్ట్ ప్రాజెక్టులో, అంటే ఇప్పటికే నడుస్తున్న వ్యవస్థలను చూసుకునే పనిలో వేస్తారని అంటున్నారు. ముందే ఎలా తెలుస్తుంది?

ఇది అన్నింటికన్నా అసలైన ప్రశ్న, అతి తక్కువమంది అడిగేదీ ఇదే.

హోదా ఒకటే అయినా రోజు గడిచే తీరు వేరు. ఒకరు కొత్త ప్రోగ్రాం రాస్తారు. ఇంకొకరు రాత్రి రెండింటికి అమెరికా బ్యాంకులో ఆగిపోయిన పనిని తిరిగి నడిపిస్తారు. మూడోవారు ఎక్సెల్‌లో టికెట్ల, అంటే వచ్చిన ఫిర్యాదుల లెక్క రాస్తారు. ముగ్గురి ఐడీ కార్డు మీదా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే ఉంటుంది. మూడేళ్ల తర్వాత ముగ్గురూ ఇంటర్వ్యూకి నా ముందు కూర్చుంటే, మొదటి పది నిమిషాల్లోనే ఎవరు ఎవరో తెలిసిపోయేది. అప్పుడు ఐడీ కార్డు ఎవరినీ కాపాడలేదు.

సపోర్ట్ పనిని నేను తక్కువ చేయను. నడుస్తున్న వ్యవస్థ ఎక్కడ తెగుతుందో దాన్ని మోసినవాళ్లకే తెలుస్తుంది. అక్కడ కళ్లు తెరుచుకుని పనిచేసిన కొందరు మంచి ఇంజనీర్లయ్యారు. కానీ అది తెలిసి ఎంచుకోవడం వేరు, సోమవారం పొద్దున తెల్లబోవడం వేరు.

ముందే పసిగట్టే దారులు కొన్ని ఉన్నాయి. ఇంటర్వ్యూ చేసినవాళ్లను ‘మీ టీములో ఉన్నవాళ్లు నిన్న ఏం చేశారు?’ అని అడగండి. ఏడాదిలో ఏం చేస్తారు అంటే గొప్పగా చెబుతారు. నిన్న అనేసరికి నిజం వస్తుంది. షిఫ్టులు ఉన్నాయా, క్యాబ్ ఇస్తారా, శనివారం ఫోను ఎవరి దగ్గర ఉంటుంది అని మామూలుగా అడగండి. షిఫ్ట్ అలవెన్స్ గురించి లెటర్‌లో వివరంగా ఉంటే షిఫ్టులు ఉన్నట్టే. ఇక మీ కాలేజీ సీనియర్లలో ఆ కంపెనీలో ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు. మన ఊళ్లలో ఈ గొలుసు చాలా గట్టిది. కులమూ ఊరూ కాలేజీ వెతికి మరీ సంబంధాలు కలుపుకునే మనం, ఒక్క ఫోను చేసి ప్రాజెక్టు ఏమిటో అడగడానికి వెనకాడతాం.

పెద్ద కంపెనీల్లో చేరేదాకా ప్రాజెక్టు తేలదు, అదీ నిజమే. అప్పుడు అడగాల్సింది ప్రాజెక్టు మారడానికి కనీసం ఎంతకాలం ఆగాలి అని.

స్టార్టప్ వాళ్లు ఇరవై మూడేళ్లకే ‘టెక్ లీడ్’ ఇస్తామంటున్నారు. అదృష్టమే కదా?

నా కథ చెప్పనివ్వండి. నాకు రెండేళ్ల అనుభవం ఉన్నప్పుడు ఒక చిన్న కంపెనీ ‘టెక్నికల్ లీడ్’ అని రాసి తీసుకుంది. వెయ్యి విజిటింగ్ కార్డులు అచ్చు వేయించారు. ఇంటికొచ్చి కనిపించిన ప్రతివాళ్లకూ పంచాను, కిరాణా కొట్టాయనకు కూడా. నా కింద ఉన్నది ఒక్క ఇంటర్న్. అతనూ మూడు నెలలకు వెళ్లిపోయాడు. నా కోడు చూసి తప్పు చెప్పేవాళ్లు ఆ ఆఫీసులో లేరు. నేను రాసిందే వేదం. తర్వాత పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి వెళితే ‘ఎంతమందిని నడిపించారు? ఏ నిర్ణయం మీద గొడవ పడ్డారు, ఎలా తేల్చారు?’ అని అడిగారు. చెప్పడానికి ఏమీ లేదు. నా హోదాకు తగిన ప్రశ్నలే వాళ్లు వేశారు, నా పనికి తగిన ప్రశ్నలు వేసి ఉంటే నెగ్గేవాణ్ణి. ఆ ఏడాదంతా నా పై మెట్టు ఇంటర్వ్యూలకే పిలిచారు, అన్నింట్లోనూ తప్పాను.

పెద్ద హోదాకు ఇలాంటి ఖర్చు ఉంటుందని ఎవరూ చెప్పరు. అది మీ తరఫున ముందే వెళ్లి గొప్పలు చెప్పి వస్తుంది. వెనకాల వెళ్లి నిలబెట్టుకోవాల్సింది మీరే.

అలాగని స్టార్టప్ వద్దనను. అక్కడ ఏడాదిలో చేతికొచ్చే పని పెద్ద కంపెనీలో మూడేళ్లకూ రాకపోవచ్చు. మీకన్నా బాగా తెలిసినవాళ్లు ఒక్కరైనా అక్కడ ఉంటే చేరండి. మీరే అందరికన్నా తెలిసినవారైతే, ఆ వయసులో అది మంచి సూచన కాదు.

ఇప్పుడు చిన్న కంపెనీలో సీనియర్‌ని. పెద్ద కంపెనీ ఆ మాట తీసేసి ఆఫర్ ఇచ్చింది. పరువు పోతుందేమో?

పోదు. పెద్ద కంపెనీలు బయటివాళ్లను ఒక మెట్టు దించి తీసుకోవడం మామూలే. జీతం పెరుగుతోందా, పని లోతుగా ఉందా చూసుకోండి. ‘తర్వాతి మెట్టుకు నన్ను ఎప్పుడు పరిశీలిస్తారు’ అని మాత్రం మేనేజరును అడిగి, ఆయన చెప్పింది మెయిల్‌లో మీరే రాసి పంపి ఉంచుకోండి.

‘జీతం ఇంతకు మించి పెంచలేం, హోదా మాత్రం పెంచుతాం’ అంటున్నారు.

హోదాకు కంపెనీకి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అందుకే అంత ఉదారంగా ఇస్తారు. తీసుకోండి, కానీ జీతం కింద జమ వేసుకోకండి.

ఈ సందర్భంలో సీటీసీ (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) లెక్క ఒకసారి వేసి చూపిస్తాను, ఎందుకంటే హోదా మెరుపులో దీన్ని మర్చిపోతారు. ఏడాదికి ఆరు లక్షల సీటీసీ, అందులో సగం బేసిక్, అంటే మూల వేతనం అనుకోండి. బేసిక్ నెలకు 25,000. కంపెనీ పీఎఫ్ వాటా 12 శాతం, నెలకు 3,000, ఏడాదికి 36,000. గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో 4.81 శాతం, అంటే ఏడాదికి 14,430. ఈ రెండూ సీటీసీలో నుంచే పోతాయి. తర్వాత మీ పీఎఫ్ వాటా మరో 36,000. మన రాష్ట్రంలో వృత్తి పన్ను నెలకు 200. చేతికి వచ్చేది నెలకు సుమారు 42,600. సీటీసీలో పది శాతం ‘వేరియబుల్’ అని ఉంటే అది ఏడాది చివర్లో, వస్తే వస్తుంది. అప్పుడు నెలకు 37,600 దగ్గర ఆగుతుంది. ‘సీనియర్’ అన్న మాట ఈ అంకెల్లో ఎక్కడా లేదు, గమనించారా?

ఒక్క సందర్భంలో మాత్రం నేను హోదా వైపు మొగ్గుతాను. ఆ హోదా వల్ల గ్రేడ్ కూడా మారి, వచ్చే ఏడాది ఇంక్రిమెంటు పై గ్రేడ్ పరిధిలో లెక్కిస్తారని రాతపూర్వకంగా చెబితే.

నాది సివిల్. అమరావతి పనుల్లో ఒక సబ్ కాంట్రాక్టరు ‘ప్రాజెక్ట్ మేనేజర్’ అంటున్నాడు, పెద్ద సంస్థ ‘సైట్ ఇంజనీర్’ అంటోంది.

సైట్ ఇంజనీర్. ఇంత త్వరగా జవాబు చెప్పే ప్రశ్నలు తక్కువ.

సబ్ కాంట్రాక్టరు దగ్గర మేనేజర్ అంటే తరచుగా కూలీల హాజరు, ఇసుక లారీల లెక్క, కాంక్రీటు వచ్చిందో లేదో అని పదిసార్లు ఫోను. అది పనికిమాలినదని కాదు, సైటును నడిపేది అలాంటివాళ్లే. కానీ రెండేళ్ల తర్వాత మీరు డ్రాయింగ్ చదివి బార్ బెండింగ్ షెడ్యూలు (ఇనుప కడ్డీలను ఎంత కోయాలో, ఎలా వంచాలో చెప్పే పట్టిక) వేయగలరా, కొలతల పుస్తకం రాసి బిల్లు పెట్టగలరా, కాంక్రీటు బలం చూసే క్యూబ్ పరీక్ష ఫలితం తేడా వస్తే ఏం చేయాలో తెలుసా అన్నవే అడుగుతారు. ఆ పనులు ఎవరు నేర్పుతారో అక్కడికి వెళ్లండి. కొలతల మీద సంతకం ఎవరు పెడతారని ఇంటర్వ్యూలో అడగండి. సంతకం చేసే మనిషికి ఎంత దగ్గరగా కూర్చుంటారో, మీ హోదా అంత.

ఆటోనగర్ వర్క్‌షాపులో ఈ తర్కం ఎవరికీ వివరించక్కర్లేదు. అక్కడ ‘హెడ్ మేస్త్రీ’ అన్న పేరు లెటర్ ఇచ్చి పెట్టరు. ఇంజను విప్పి మళ్లీ బిగించి, అది నడిచాక పిలుస్తారు.

ఐడీ కార్డు పెద్ద కంపెనీది, జీతం మాత్రం వేరే పేరు మీద పడుతోంది. నా హోదా ఎవరిది?

జీతం వేసేవాళ్లది. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ మిమ్మల్ని తీసుకుని పెద్ద కంపెనీలో కూర్చోబెడుతుంది. దీన్ని థర్డ్ పార్టీ పేరోల్ అంటారు. ఆఫర్ లెటర్ ఎవరి లెటర్‌హెడ్ మీద ఉందో, కింద ఏ సంస్థ పేరున సంతకం ఉందో చూడండి. చేరిన తర్వాతైతే పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమాని పేరు ఉంటుంది, జీతంలో కోసిన పన్నుకు ఇచ్చే ఫారం 16లోనూ ఉంటుంది. రెజ్యూమెలో పెద్ద కంపెనీ పేరు మాత్రమే రాసి, వెరిఫికేషన్‌లో ఏజెన్సీ పేరు తేలి, చేతికొచ్చిన ఆఫర్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. రెండు పేర్లూ రాయండి. ఏజెన్సీ ద్వారా ఫలానా కంపెనీలో పని అని రాస్తే తప్పూ లేదు, తలవంపూ లేదు.

హోదా మార్చమని హెచ్‌ఆర్‌ను అడగవచ్చా? ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో.

మర్యాదగా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సంగతి నా అనుభవంలో లేదు. అడిగే తీరు ముఖ్యం. ‘నాకు సీనియర్ కావాలి’ అంటే బేరం. ‘ఇంటర్వ్యూలో చర్చించిన బాధ్యతలు మీ ఏ గ్రేడ్‌కు సరిపోతాయో చెప్పగలరా’ అంటే ప్రశ్న. దానికి జవాబు ఇవ్వక తప్పదు, జవాబులో మీ బలం తెలుస్తుంది. ఫ్రెషర్లకు మాత్రం ఇది వర్తించదు. వందమందిని ఒకేసారి తీసుకునే చోట ఒక్కరికి హోదా మార్చరు.

అడ్డదిడ్డంగా ఉన్న పేర్లను మాత్రం సరిచేయించుకోండి. ‘ఎగ్జిక్యూటివ్ – ఆపరేషన్స్’ అని రాసి కోడింగ్ పని ఇస్తే, రేపు ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి. ‘ఇంజనీర్’ అన్న మాట ఉండటం అవసరమే, దాని ముందు ఏ విశేషణం ఉన్నా లేకపోయినా.

రెజ్యూమెలో హోదాను కొంచెం మార్చి రాసుకోవచ్చా?

కంపెనీ వదిలేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో ఉన్నదే రాయండి. అర్థం కాని పేరైతే పక్కన గీత పెట్టి చేసిన పని రాయండి.

‘మేనేజర్’ అని పేరు పెడితే కార్మిక చట్టాలు వర్తించవని విన్నాను.

పేరును బట్టి కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం విషయంలో కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదే: ప్రధానంగా చేసే పని ఏమిటన్నది చూడాలి, హోదా పేరు కాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ‘వర్కర్’ (ఆ చట్టం రక్షణ ఉన్న ఉద్యోగి) నిర్వచనం పని మీదే నిలుస్తుంది. నిజంగా మేనేజర్ పని చేసేవాళ్లూ, నెలకు 18,000 రూపాయలకు పైగా తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవాళ్లూ ‘వర్కర్’ కిందికి రారు. ఎవరినీ పర్యవేక్షించని మనిషికి మేనేజర్ అని బోర్డు తగిలించినంత మాత్రాన మేనేజర్ అయిపోడు. గొడవ వచ్చేదాకా ఇది ఎవరికీ గుర్తు రాదు, వచ్చాక న్యాయవాదిని కలవాలి, నన్ను కాదు.

విదేశాలకు వెళ్లాలని ఉంది. హోదా పెద్దదిగా ఉంటే మంచిదా?

కెనడా వలస దరఖాస్తులో మీ ఉద్యోగాన్ని వాళ్ల వృత్తుల జాబితాలోని ఒక కోడ్‌తో పోలుస్తారు. చూసేది హోదా కాదు, మీరు చేసిన పనులు. ఆస్ట్రేలియాకు ఐటీ నైపుణ్యాల అంచనా వేయించుకునేటప్పుడు కూడా పనుల వివరాలతో యజమాని ఇచ్చిన లేఖ అడుగుతారు. మన కంపెనీల రిలీవింగ్ లెటర్‌లో మామూలుగా ఉండేది హోదా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. అంతే. కాబట్టి కంపెనీ వదిలే ముందే పనుల వివరాలతో ఒక లేఖ సంపాదించుకోండి. నాలుగేళ్ల తర్వాత మూతపడిన ఆఫీసు తలుపు తట్టి మేనేజరు ఎక్కడున్నాడో వెతుక్కున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు.

పెళ్లి సంబంధాల్లో హోదా చూస్తారు. దానికేం చేయాలి?

చూస్తారు. నేను కాదనడం లేదు. ‘అబ్బాయి ఏం చేస్తున్నాడు’ అంటే ‘ఎస్‌డీఈ రెండు’ అని చెప్పి చూడండి, రెండేళ్లు తప్పాడేమో అనుకుంటారు. ‘టీమ్ లీడ్’ అంటే కాఫీ వస్తుంది. కానీ కాఫీ ఇచ్చేవాళ్లు కూడా తర్వాత వాళ్ల బంధువుల్లో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఫోను చేసి ‘ఆ కంపెనీ ఎలాంటిది, ఎంత వస్తుంది’ అని ఆరా తీస్తారు. ఆ ఫోను అందుకునేది చాలాసార్లు నేనే. బయోడేటాలో హోదా ఏది రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పెళ్లి చూపుల కోసం ఆఫర్ మార్చుకుంటానంటే మాత్రం ఆ పెద్దవాళ్లతో నేను మాట్లాడతాను.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

లెటర్‌లో అన్ని పేజీలూ. అందరూ మొదటి పేజీ ఫొటో తీసి తెస్తారు, హోదా అందులోనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి. గ్రేడ్, ప్రొబేషన్, నోటీసు కాలం, బాండ్ మొత్తం, వేరియబుల్ షరతులు, చివరి అనుబంధంలో జీతం పట్టిక ఆ వెనక పేజీల్లోనే ఉంటాయి. ఫోనులో చిన్న అక్షరాలు నాకు కనిపించడం లేదు. అరండల్‌పేటలో జెరాక్స్ తీయించుకుని రండి.